గఫూర్ ఉస్తాద్ ముక్కు

ఇవాళ పొద్దున షెడ్డు షట్టరు ఎత్తేసరికే కల్హేర్ నుంచి వచ్చిన ఒక కారు బయట ఆగి ఉంది. డ్రైవరు చలికి అరచేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఇంజన్ స్టార్ట్ చేయమని చెప్పి, నేను వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర గొంతుక్కూర్చున్నాను. తెల్లటి పొగ వెచ్చగా ముఖానికి తగిలింది. కళ్ళు మూసుకుని మెల్లగా పీల్చి, పైకే అన్నాను: "పచ్చి పెట్రోలు, కొద్దిగ. కాలిన నూనె లేదు. తీపి వాసన లేదు." డ్రైవరు అటూ ఇటూ చూశాడు. షెడ్డులో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. "ఎవలితోని మాట్లాడుతున్నవన్నా?" అన్నాడు. అలవాటు అన్నాను. కానీ ఆ అలవాటు నాకు ఎట్లా అంటిందో, ఎవరు అంటించారో చెప్పాలంటే గఫూర్ ఉస్తాద్ గురించి చెప్పాలి.

మీరు ఆయన్ని చూసి ఉండరు. నారాయణఖేడ్ బస్ డిపో దాటాక ఎడమచేతి వైపు రేకుల షెడ్డు ఆయనది. మనిషి పొడుగు, బక్కపల్చన, కత్తిరించిన తెల్లగడ్డం, ఏ కాలమైనా అదే ఖాకీ చొక్కా. నేను అక్కడికి వచ్చేనాటికి నాకు ముప్పై ఏళ్ళు. పాలిటెక్నిక్ చదివి, హైదరాబాదులో ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో ఏడేళ్ళు పనిచేసి, నాన్నకు పక్షవాతం రావడంతో ఊరికి తిరిగొచ్చాను. చేతిలో డిప్లొమా, సంచిలో బండి జబ్బులు చదివి చెప్పే స్కానరు, తలనిండా పొగరు. ఆ స్కానరును ఒక తీగతో బండికి తగిలిస్తే, బండిలోని కంప్యూటరు తనలో దాచుకున్న తప్పులన్నీ తెర మీద అంకెల్లో కక్కేస్తుంది. ఖేడ్‌లో అప్పటికి అలాంటిది ఇంకొకటి లేదు. గఫూర్ ఉస్తాద్‌కు నేను సాయం చేయడానికి వచ్చాననే నా లెక్క, నేర్చుకోవడానికి కాదు.

ఆ పొగరు మొదటి వారంలోనే సగం దిగింది. మూడు చోట్ల తిరిగి నయం కాని జీపు ఒకటి వచ్చింది. అరగంట సేపు స్కానరు పెట్టి కూర్చున్నాను, ఒక్క తప్పూ చూపించలేదు. ఉస్తాద్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, బండి వెనక గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని మూడుసార్లు పీల్చాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "తీపి వాసన అస్తుంది. రేడియేటర్ నీళ్ళు లోపల్నే తాగుతుంది గిది. హెడ్ విప్పు బేటా." విప్పాం. హెడ్ కింద ఉండే గాస్కెట్ రేకు ఒక మూల వెంట్రుకంత చీలి ఉంది, నీళ్ళు అక్కడినుంచే ఇంజన్లోకి పోతున్నాయి. స్కానరు తీగ చుట్టేసి సంచిలో పెట్టాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో! నూనె కాలుతోందా, ఏ ప్లగ్గు చచ్చిందా, క్లచ్చు ఎంత అరిగిందా, అన్నీ ఆ ముక్కుకు తెలిసేవి. పెట్రోల్లో కిరసనాయిలు కలిపిన బండి గేటు లోపలికి రాకముందే ఉస్తాద్ తల ఎత్తేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఆయనకూ వచ్చింది. నెల రోజులు మంచం మీద ఉండి తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు గానీ పని అదే పని. ఒక్కటే మారింది. బండి వెనక ఎప్పటిలాగే కూర్చునేవాడు, లేచి మాత్రం "ముందుగాల నీ మిషన్ పెట్టి సూడు బేటా" అనేవాడు. ఇన్నాళ్ళకు నా చదువుకు విలువ ఇస్తున్నాడని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అట్లా రెండేళ్ళు గడిచాక శివరాజప్ప పటేల్ బండి వచ్చింది. కల్హేర్ దగ్గర పొలాలున్న ఆసామి. భార్య నాగమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, సంగారెడ్డి దవాఖానలో రక్తం శుద్ధి చేయించాలి. బస్సెక్కినా జీపెక్కినా ఆమెకు వాంతులు, తిరుగు ప్రయాణంలో అయితే కుదుపుకు కళ్ళు తిరిగి పడిపోయేది. ఎవరో చెబితే హైదరాబాదు వెళ్ళి పాత హైబ్రిడ్ కారు ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, పెద్ద బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. ఎప్పుడు ఏది నడవాలో బండే చూసుకుంటుంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. "గీ బండ్ల కూసుంటేనే పానం నిమ్మళముంటది బిడ్డా" అని నాగమ్మ నాతో అన్నది. ఆ ఇంట్లో అది కారు కాదు, ఆమె ప్రాణానికి ఆధారం.

ఇంజన్ గుర్తు లైటు వెలిగిందని మొదటిసారి తెచ్చాడు పటేల్. చప్పుడు లేకుండా షెడ్డులోకి జారుకుంటూ వచ్చిన ఆ బండిని చూసి ఉస్తాద్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "యా అల్లా! పిల్లి వచ్చినట్టు వచ్చింది గదరా!" స్కానరు ఆక్సిజన్ సెన్సార్ పేరు చెప్పింది. అదేమిటని ఉస్తాద్ అడిగితే విడమరిచి చెప్పాను. పొగగొట్టంలో బిగించే బొటనవేలంత ముక్క అది. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో పసిగట్టి కంప్యూటరుకు చెబుతుంది. దాని మాట నమ్మే కంప్యూటరు పెట్రోలు పెంచాలా తగ్గించాలా అని తేల్చుకుంటుంది. ఉస్తాద్ వంగి పొగగొట్టం వైపు చూశాడు. "అంటే గిది బండి ముక్కన్నట్టు" అన్నాడు చివరికి, ఆ మాట ఎవరికో దూరంగా ఉన్నవాళ్ళకు చెబుతున్నట్టు.

పాత సెన్సార్‌కు నిజంగానే వయసైపోయింది. కొత్తది తెప్పించి బిగించాను, లైటు ఆరిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. మా దగ్గర పెద్ద రిపేరైన బండిని చాలామంది నేరుగా బోరంచ తీసుకుపోయి నల్లపోచమ్మ ముందు పూజ చేయిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బానెట్ ఎత్తి ఇంజన్‌కూ బొట్టు పెట్టిస్తారు. నలుగురూ తొంగిచూసే ఇంజన్ తళతళలాడాలని నా సరదా. దానికోసం షైనర్ స్ప్రే డబ్బా ఒకటి దాచుకున్నాను. ఉస్తాద్‌కు అది గిట్టదు. "దుమ్ము మీద నూనె కారితే జాడ కనబడ్తది. గింత మెరిస్తే ఏం కనబడ్తది? నక్కో, వద్దు" అని ఒకసారి నా డబ్బా ఎత్తి చెత్తబుట్టలో పారేశాడు. అందుకే ఆయన మధ్యాహ్నం నమాజుకు పోయేదాకా ఆగాను. ఇంజన్ నడుస్తుండగానే, గాలి పీల్చే గొట్టం మూత తీసి ఉండగానే, మూలమూలకూ కొట్టాను. షెడ్డంతా నిమ్మకాయ సెంటు వాసన. ఆయన తిరిగొచ్చి ఆ బండి పక్కనే నిలబడి పటేల్‌తో పావుగంట మాట్లాడాడు. ఒక్క మాట అనలేదు. పెద్దాయన మెత్తబడ్డాడు, నేనే గెలిచానని లోలోపల ఈల వేసుకున్నాను.

పటేల్ బానెట్ ఎత్తి చూసి "పెండ్లికొడుకును చేసినవ్ పో!" అన్నాడు. నాకు రెక్కలొచ్చాయి. కొత్త డబ్బా ఒకటి తీసి చాటుగా ఆయన చేతిలో పెట్టాను. వారానికోసారి కొట్టుకోమన్నాను. ఇంజన్ నడుస్తుంటే కొడితే లోపలిదాకా పోతుందని సలహా కూడా ఇచ్చాను. అంత తెలివి నాది.

ఐదు వారాల తర్వాత, ఒక మంగళవారం పొద్దున, పటేల్ మళ్ళీ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముందురోజు దవాఖాన నుంచి వస్తుంటే లైటు వెలిగి, బండి దెబ్బదెబ్బకూ తన్నుకుని, ఎత్తు ఎక్కలేక రోడ్డు పక్కన నిలిచిపోయిందట. నాగమ్మ వాంతులు చేసుకుని ఎండలో ఒక వేపచెట్టు కింద రెండు గంటలు పడుకుందట. "ఎల్లుండి గురువారం. మళ్ళ తీస్కపోవాలె. గీ బండ్ల కూసోనంటుంది, వేరే బండ్ల కూసునే తాకత్ లేదు. నేనేం జెయ్యాలె గఫూర్ భాయ్?" నేను స్కానరు తగిలించాను. మళ్ళీ అదే ఆక్సిజన్ సెన్సార్. "తెప్పించిన ముక్కే నకిలీది పటేలా. ఇంకోటి తెప్పిస్తా, అయిపోతది" అన్నాను తేలిగ్గా.

"కొత్తది ఎట్ల చచ్చింది?" అన్నాడు ఉస్తాద్.

నకిలీదేమో అన్నాను మళ్ళీ. ఆయన నన్ను చూడలేదు, బండిని చూస్తున్నాడు. "చచ్చిందో, నిద్రపోయిందో, దాన్ని ఎవలన్న చంపిండ్రో ముందుగాల సూద్దాం." ఈ బండితో చిక్కేమిటంటే, వేడెక్కగానే ఇంజన్ తనంత తానే ఆగిపోతుంది, మళ్ళీ తన ఇష్టమొచ్చినప్పుడు లేస్తుంది. ఆగిన ఇంజన్ పొగలో ఏం చూస్తాం? దాన్ని ఆగకుండా నడిపించడానికి ఒక మార్గం ఉంది. గేరు పార్కులో పెట్టి యాక్సిలరేటర్ పెడలు రెండుసార్లు, న్యూట్రల్లో రెండుసార్లు, మళ్ళీ పార్కులో రెండుసార్లు, అంతా ఒక్క నిమిషంలోపు అడుగంటా తొక్కాలి. సర్వీస్ సెంటర్లో నేర్చుకున్నాను, ఖేడ్ వచ్చాక బద్ధకించి వదిలేశాను. ఆ రోజు తొక్కాను. ఇంజన్ ఆగకుండా నడిచింది. స్కానరు తెర మీద సెన్సార్ చెప్పే మాట ఒక గీతలాగా పాకుతోంది.

ఉస్తాద్ ఇంజన్ మీదికి వంగి, గాలి లోపలికి పోయే దారిలో ఒక సన్నటి రబ్బరు గొట్టం పీకాడు. అదనపు గాలి లోపలికి దూరింది. గీత వెంటనే కిందికి పడాలి. ఆయన పైకి లెక్కపెట్టాడు. "ఏక్... దో... తీన్... చార్..." ఐదో అంకె దగ్గర గీత మెల్లగా ఒళ్ళు విరుచుకుని దిగింది. గొట్టం తగిలించి మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ అదే బద్ధకం. తర్వాత పక్కనున్న మామూలు పెట్రోలు కారుకు నా స్కానరు తగిలించమన్నాడు. దాని గొట్టం పీకాడు. "ఏ..." అనేలోపే గీత కింద ఉంది. నా మిషన్ మూడేళ్ళుగా నా చేతిలో ఉంది. జబ్బు పేరు చదవడం తప్ప దానితో ఇంకేమీ చేయలేదు నేను. చదువురాని ఆ మనిషి, ఐదు వారాల కిందటిదాకా చూడనే చూడని బండి మీద, ఒక రబ్బరు గొట్టంతో, నాలుగు అంకెలతో ఆ మిషన్‌ను మాట్లాడించాడు.

"నకిలీది కాదు. మందగించింది. తియ్యి." పానా పెట్టి వేడి వేడిగా విప్పి గుడ్డలో పట్టుకుని ఇచ్చాను. కొన మీద సున్నం పూసినట్టు తెల్లటి పొడి. నూనె కాలితే నల్లగా, జిగటగా ఉండాలి. పెట్రోలు ఎక్కువైతే మసి ఉండాలి. ఈ తెలుపేమిటో ఆయనకు అంతుపట్టలేదు. నాకు పట్టింది. సర్వీస్ సెంటర్ శిక్షణలో చెప్పారు. సిలికాన్ ఇంజన్లోకి పోయి కాలితే సెన్సార్ మీద తెల్లటి పొర కడుతుందని, ఇక అది బాగుపడదని. నా డబ్బా మీద పేరే సిలికాన్ షైనర్. అయినా నోరు మెదపలేదు. ఇంకో సెన్సార్ వేస్తే పోతుంది కదా, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? అట్లాగే అనుకున్నాను.

అప్పుడు పటేల్, ఊరికే కూర్చోలేక, డిక్కీలోంచి నేనిచ్చిన డబ్బా తీశాడు. బానెట్ మీద దుమ్ము కనబడితే బుస్సుమని కొట్టి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. "గది ఎవలిచ్చిండ్రు పటేలా?" అన్నాడు ఉస్తాద్. "గీ సంగమేశే ఇచ్చిండు. ఎంత మంచి నిమ్మకాయ వాసన సూడు గఫూర్ భాయ్!" ఉస్తాద్ తల కొంచెం ముందుకు చాచి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆయన ముఖంలో ఏదో ఆరిపోవడం నేను చూశాను.

డబ్బా తీసుకున్నాడు. ఒక రేకు మూత మీద నాలుగు చుక్కలు పడేలా కొట్టి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. భగ్గుమని మండి ఆరింది. మూత మీద తెల్లటి బూడిద. సెన్సార్ కొనను తెచ్చి దాని పక్కన పెట్టాడు. అదే తెలుపు. పుస్తకం లేదు, శిక్షణ లేదు! అగ్గిపుల్లతో తేల్చేశాడు. ఇక నన్ను అందరి ముందూ కడిగేస్తాడని కళ్ళు మూసుకున్నాను.

ఆయన పటేల్ వైపు తిరిగాడు. "పటేలా, ఒక్క మాట చెప్పాలె నీకు. నా ముక్కు పోయింది. కరోనా తీస్కపోయింది. రెండేండ్లాయె. అత్తరు పూసుకున్నా తెల్వది, ఇంట్ల పాలు మాడినా తెల్వది. ఎవలకు చెప్పలే, దుకాణం పోతదని భయపడ్డ. నీ బండి బాగు చేసిన నాడు గీ షెడ్డుల గీ వాసన ఉండాలె. నా ముక్కుంటే గప్పుడే ఆపేటోణ్ణి. నీ ఇంటామె రోడ్డు మీద పడుకునేది కాదు. గంతమటుకు తప్పు నాది." అని, ఆ వెచ్చటి సెన్సార్‌ను నా అరచేతిలో పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు. నన్ను చెప్పమనలేదు. నా వైపు చూడనైనా లేదు.

ఖేడ్‌లో ఆయన బతుకంతా ఆ ముక్కు పేరు మీదే నిలబడింది. దాన్ని ఒక్క ఊపిరిలో తీసి పటేల్ ముందు పెట్టేశాడు, మిగతా సగం నేను చెప్పడానికి దారి చేస్తూ. నేను నోరు మూసుకుంటే ఏమవుతుందో అప్పుడు తట్టింది. పటేల్ మళ్ళీ వారం వారం కొడతాడు. కొత్త ముక్కూ చస్తుంది. ఈసారి నాగమ్మ ఏ చెట్టు కింద పడుకోవాలి? "నేనే కొట్టిన పటేలా" అన్నాను. "నీతోని కొట్టించింది గూడ నేనే. గా మందు లోపలికి పోయి కాలి ముక్కును మూసేసింది. నాకిది ముందే తెల్సు. గిప్పుడు గూడ దాచిపెడ్దామనుకున్న." పటేల్ బల్ల మీద కూలబడి తన రెండు చేతులూ చూసుకున్నాడు. "ఐదు వారాలు నా చేత్తోనే కొట్టిన గదరా..." తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపటికి తలెత్తి ఒక్కటే అడిగాడు, "గురువారానికి అయితదా?" "అయితది" అన్నాడు ఉస్తాద్.

గాలి గొట్టాలన్నీ విప్పి నేనూ ఆయనా రెండు రోజులు కడిగాం. బుధవారం మధ్యాహ్నం బస్సు పార్సిల్లో కొత్త సెన్సార్ వచ్చింది. బిగించి, ఇంజన్ నడిపి, గొట్టం పీకాం. ఈసారి లెక్క నన్ను పెట్టమన్నాడు. "ఏ..." అన్నాను, గీత పడింది. ఉస్తాద్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. గురువారం పొద్దున నన్ను వాళ్ళతో పంపాడు. ముందు సీట్లో స్కానరు ఒళ్ళో పెట్టుకుని సంగారెడ్డి దాకా ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో, మొన్న ఆగిపోయిన ఎత్తు దగ్గర పటేల్ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. బండి చప్పుడు లేకుండా ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూస్తే నాగమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. ఇప్పటికీ ఆ బండి బోరంచ పోతుంది, ఇంజన్ మీద దుమ్ము, దుమ్ము మీద పసుపు కుంకుమ.

ఆ మర్నాడు ఒక బండి వెనక ఉస్తాద్ గొంతుక్కూర్చోలేదు. నన్ను కూర్చోమన్నాడు. "ఇగ నా ముక్కు నువ్వే బేటా. ఏం వాసనుందో చెప్పు. రోగం పేరు చెప్పకు, వాసన చెప్పు." అట్లా రెండేళ్ళు, రోజూ, నేను పీల్చి పైకి చెప్పాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి. నేను చెప్పిన నాలుగు మాటల మీద ఆయన చెప్పే జబ్బు ఒక్కసారి కూడా తప్పలేదు. వాసనే తెలియని మనిషి, నా ముక్కుతో ఇంజన్ లోపలికి నడిచి వెళ్ళి వచ్చేవాడు! నా మాట మీద ఆయన తీర్పు నిలబడుతుంది కాబట్టి, ఊహించి చెప్పడానికి నాకు ధైర్యం చాలేది కాదు. ఏదైనా అర్థం కాకపోతే "తెల్వదు ఉస్తాద్" అనేవాణ్ణి. ఆ మాటకు ఆయన ఎంత సంతోషించేవాడో చెప్పలేను. "షాబాష్, గిది అసలు మాట. ఇగ బానెట్ ఎత్తు" అనేవాడు.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. ఆ తెల్ల కొన సెన్సార్ నా బల్ల పైన మేకుకు వేలాడుతోంది. స్కానరు కొత్తది కొన్నాను, అది పాతదానికంటే చాలా తెలివైనది. అయినా ముందు బండి వెనక్కే పోతాను.

ఇవాళ పొద్దున ఆ డ్రైవరుకు అలవాటని చెప్పి మళ్ళీ వంగి పీల్చాను. పచ్చి పెట్రోలు కింద ఇంకేదో ఉంది, పలుచగా, పట్టీపట్టనట్టు. ఎంత పీల్చినా అదేమిటో తేలలేదు. డ్రైవరు వింటున్నాడని తెలిసీ పైకే అన్నాను.

"తెల్వదు ఉస్తాద్."

లేచి, మోకాళ్ళు దులుపుకుని, బానెట్ ఎత్తాను.